నల్ల ఎలుగు వేటకి హ్యాండ్‌గన్ తూటా ఎలా ఎంచుకోవాలి

సెప్టెంబరు దాటిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. “అన్నా, రివాల్వర్ కొన్నాను. ఎలుగుకి ఏ తూటా తీసుకోవాలి?” వర్జీనియా నుంచి ఒకరు, అట్లాంటా నుంచి ఒకరు, డెన్వర్ నుంచి ఇంకొకరు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక తగ్గిపోయింది. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది అమెరికాలోని నల్ల ఎలుగు గురించి, అదీ వేటకి అనుమతి ఉన్న రాష్ట్రాల గురించి మాత్రమే. మన దగ్గరి ఎలుగుబంటికీ దీనికీ సంబంధం లేదు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది. అక్కడ వేట మాట ఎత్తడమే నేరం.

రెండు మాటలు ముందే విడదీసుకుందాం. ఇత్తడి కేసు, మందు, ముందున్న సీసం ముక్క అన్నీ కలిపి తూటా. తుపాకీలోంచి వెళ్లి జంతువుకి తగిలేది బుల్లెట్. కొట్లో అందరూ దేన్నైనా బుల్లెట్ అనే అంటారు. కానీ ఎంచుకునేటప్పుడు ఈ తేడా తెలియాలి. ఒకే తూటా పేరుతో పది రకాల బుల్లెట్లు దొరుకుతాయి మరి.

కావలసినవి

- మీ తుపాకీ, దాని మాన్యువల్
- మీ రాష్ట్రం ఈ ఏడాదికి విడుదల చేసిన వేట నిబంధనల పుస్తకం (ఆన్‌లైన్‌లో ఉచితం)
- మూడు రకాల తూటాలు, ఒక్కోటి ఒక పెట్టె
- ఆరంగుళాల పేపర్ ప్లేట్లు ఒక కట్ట
- చెవులకి ప్లగ్గులు, వాటి మీద మఫ్స్ కూడా. మాగ్నమ్ రివాల్వర్ శబ్దం 140 డెసిబెల్స్ ఎప్పుడో దాటేస్తుంది
- కళ్లద్దాలు
- డిజిటల్ కాలిపర్, చిన్న నగల త్రాసు
- ఖాళీ పాల క్యాన్లు, గ్యాలన్‌వి, ఎనిమిదో పదో
- నోటు పుస్తకం
- వీలైతే క్రోనోగ్రాఫ్, అంటే బుల్లెట్ వేగం కొలిచే యంత్రం. మీ రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోటు) ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారు

1. ముందు చట్టం, తర్వాతే కొట్టు

వీసా మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల్లో ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఒక్క తూటా ఉన్నా అంతే. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్స్ చేతిలో ఉండాలి. లైసెన్స్ గడువు ముగిసిన రోజుతో ఆ మినహాయింపు కూడా పోతుంది. ఇంట్లో తూటాల పెట్టె మాత్రం అలాగే ఉంటుంది! తుపాకీ కేసు అంటే జరిమానాతో పోయేది కాదు, దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. వీసా వాళ్లు కొనేముందు ఒకసారి లాయర్‌తో మాట్లాడండి. ఆ ఫీజుకి వెనకాడొద్దు.

తర్వాత రాష్ట్రం. మనవాళ్లు గుంపుగా ఉండే టెక్సాస్‌లో నల్ల ఎలుగు రక్షిత జంతువు, వేట లేదు. న్యూజెర్సీలో ఎలుగు సీజన్ ఉంటుంది కానీ హ్యాండ్‌గన్‌తో కుదరదు. వర్జీనియాలో రైఫిల్‌కి అనుమతి ఉన్న కౌంటీల్లో హ్యాండ్‌గన్ వాడొచ్చు, కాకపోతే తూటా .23 క్యాలిబర్ (బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో) లేదా అంతకంటే పెద్దదై ఉండాలి, తయారీదారు లెక్కలో కనీసం 350 ఫుట్-పౌండ్ల (బుల్లెట్ శక్తిని కొలిచే లెక్క) శక్తి ఉండాలి. కొలరాడోలో వ్యాకోచించే, అంటే తగిలాక విచ్చుకునే, బుల్లెట్ తప్పనిసరి, 50 గజాల దగ్గర 400 ఫుట్-పౌండ్లు మిగలాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం బుల్లెట్ నిషేధం, పూర్తి రాగివి లాంటి సీసం లేనివే వాడాలి.

ఈ నిబంధనలు ఏటా మారొచ్చు. పోయినేడు పుస్తకం చూసి కొనకండి.

ఒక హెచ్చరిక: చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఆ తూటా సరిపోతుందని కాదు. 124 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత, ఆరో దశలో చెప్తాను) 9 ఎంఎం బుల్లెట్ సెకనుకి 1,150 అడుగుల వేగంతో వెళ్తే 364 ఫుట్-పౌండ్లు వస్తాయి. వర్జీనియా లెక్కలో పాస్. అయినా దాన్ని పట్టుకుని ఎలుగు వేటకి వెళ్తానంటే నేను వెంట రాను.

2. తుపాకీ గొట్టం మీద ఏముందో చదవండి

నవ్వకండి. రేంజ్‌లో తప్పు తూటా తెచ్చుకున్నవాళ్లని ఏటా చూస్తున్నాను. గొట్టం మీద చెక్కిన పేరూ పెట్టె మీది పేరూ అక్షరం అక్షరం కలవాలి.

.44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ కాల్చొచ్చు, .44 స్పెషల్ తుపాకీలో మాగ్నమ్ కాల్చకూడదు. .357 మాగ్నమ్, .38 స్పెషల్ సంగతీ ఇంతే. .454 కాసుల్‌లో .45 కోల్ట్ వెళ్తుంది, తిరగేస్తే వెళ్లదు. 10 ఎంఎం, .40 ఎస్ అండ్ డబ్ల్యూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి పెట్టకండి.

.45 కోల్ట్ దగ్గర ఇంకా జాగ్రత్త. అది 1870ల నాటి తూటా. పాత తుపాకుల కోసం మెత్తగా నింపినవీ ఉంటాయి, గట్టి ఫ్రేమున్న ఆధునిక తుపాకుల కోసం మాత్రమే నింపిన ప్లస్-పి రకాలూ ఉంటాయి. రెండో రకం పాత తుపాకీలో పెడితే సిలిండర్ (రివాల్వర్‌లో తూటాలు పట్టే గుండ్రటి భాగం) పగిలిపోవచ్చు. మాన్యువల్‌లో ప్లస్-పి వాడొచ్చని స్పష్టంగా రాసి లేకపోతే వద్దు.

3. ఎంత దూరం నుంచి కాలుస్తారో తేల్చుకోండి

తూటా గురించి అడిగేవాళ్లు దూరం గురించి అడగరు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మామూలు సైట్లతో, రెండు చేతులతో పట్టుకుని, చలిలో, గుండె దడదడలాడుతుంటే ఆరంగుళాల ప్లేటుని వరసగా ఐదుకి ఐదుసార్లు ఎంత దూరం నుంచి కొట్టగలరో అదే మీ హద్దు. చాలామందికి 25 గజాలు. బాగా సాధన చేసినవాళ్లకి 50. స్కోపు బిగించిన పొడవాటి గొట్టం తుపాకీతో, కర్రల ఆనుతో ఇంకొంచెం.

ఆరంగుళాలే ఎందుకు? ఎలుగు ఊపిరితిత్తులు అంతకంటే పెద్దవే. కానీ అడవిలో మన గురి రేంజ్‌లో ఉన్నట్టు ఉండదు. ఆ తేడాకి కొంత వదిలిపెట్టాలి.

4. క్యాలిబర్: మీరు అదరకుండా కాల్చగలిగే వాటిలో పెద్దది

నా లెక్క ఇలా ఉంటుంది.

.357 మాగ్నమ్ అడుగు మెట్టు. 158 గ్రెయిన్లవి కాదు, 180 గ్రెయిన్ల బరువైన వేట బుల్లెట్ అయితే, దగ్గర నుంచి, మధ్యస్థంగా ఉన్న ఎలుగుకి, గురి మీద నమ్మకం ఉన్నవాళ్లకి సరే. కొత్తవాళ్లకి నేను చెప్పను.

10 ఎంఎం ఆటో ఇప్పుడు ఫ్యాషన్. 200 లేదా 220 గ్రెయిన్ల గట్టి బుల్లెట్‌తో పని చేస్తుంది. .357 కంటే కొంచెం పైమెట్టు. కాకపోతే సెమీ ఆటోమేటిక్‌తో (కాల్చిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే ఎక్కే తుపాకీ) పెద్ద జంతువుల వేటని పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు ఒప్పుకోవు, చూసుకోండి.

.41 మాగ్నమ్ మంచి తూటా. కొట్లలో దొరకదు, అదే గొడవ.

.44 మాగ్నమ్. 1950ల నుంచి ఈ పనికే ఉంది. 240 నుంచి 305 గ్రెయిన్ల దాకా ఏ రకమైనా, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఏదో ఒక్కటి చెప్పమంటే ఇదే చెప్తాను. గట్టి తుపాకీ ఉంటే ప్లస్-పి .45 కోల్ట్ దీనికి సరిజోడు.

.454 కాసుల్, .460, .500 ఎస్ అండ్ డబ్ల్యూ. నల్ల ఎలుగుకి ఇంత అక్కర్లేదు. ఇవి తన్నే తన్నుకి మనిషి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగడం నేర్చుకుంటాడు, తర్వాత ఆ అలవాటు పోదు. పైగా రివాల్వర్ సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి గాలి కత్తిలా బయటికి వస్తుంది. రైఫిల్ పట్టుకున్నట్టు వేళ్లు ముందుకి పెడితే బొటనవేలు తెగుతుంది. ఏ రివాల్వర్‌తోనైనా వేళ్లు సిలిండర్ వెనకాలే ఉండాలి. వీటితో మరీ ముఖ్యం.

5. బుల్లెట్ రకం: అసలు కథ ఇక్కడుంది

ఎలుగు జింక కాదు. శరదృతువులో ఒంటి నిండా అంగుళాల మందం కొవ్వు పట్టి ఉంటుంది, దాని మీద చర్మం, దాని మీద ఒత్తుగా పొడవాటి బొచ్చు. బుల్లెట్ దూరిన కన్నాన్ని కొవ్వు బిరడాలా మూసేస్తుంది. కారిన కాస్త రక్తాన్ని బొచ్చు స్పాంజిలా పీల్చేస్తుంది. చచ్చే దెబ్బ తగిలిన ఎలుగు కూడా పొదల్లోకి దూరి వంద గజాలు పరుగెత్తుతుంది, నేల మీద మీకు ఒక్క చుక్క కనిపించదు.

అందుకే నాకు కావలసింది రెండో కన్నం. బుల్లెట్ ఒక పక్క దూరి, రెండు ఊపిరితిత్తులూ చీల్చుకుని, అవతలి పక్క నుంచి బయటికి రావాలి. తూటా ఏదైనా ఈ ఒక్క ప్రశ్నతోనే చూస్తాను: అవతలికి వస్తుందా, రాదా? రైఫిల్ బుల్లెట్ వేగంతో చుట్టుపక్కల కండని కూడా పాడు చేస్తుంది. హ్యాండ్‌గన్ బుల్లెట్‌కి అంత వేగం లేదు. అది తాకిన మేరకే పని చేస్తుంది. కాబట్టి లోతుగా వెళ్లి తీరాలి.

ఇప్పుడు రకాలు.

ఆత్మరక్షణ హాలో పాయింట్ (ముక్కులో గుంత ఉన్నవి): వద్దు. కండని పోలిన జెల్ పరీక్షలో 12 నుంచి 18 అంగుళాల మధ్య ఆగేలా, తగలగానే పుట్టగొడుగులా విచ్చుకునేలా చేసినవి ఇవి. నేను మొదటిసారి కొన్నవి ఇవే. కౌంటర్ వెనకున్న కుర్రాడు “ఇది చాలా పవర్‌ఫుల్ సార్” అన్నట్టు ఏదో చెప్పి అంటగట్టాడు. మా పక్కింటి పెద్దాయన, నలభై ఏళ్లుగా ఎలుగు వేటలో ఉన్న మనిషి, పెట్టె చూసి ఏమీ అనలేదు. అందులోంచి ఒక తూటాని నీళ్లు నింపిన ఆరు పాల క్యాన్ల వరస మీద కాల్పించాడు. మూడో క్యాన్‌లో ఆగిపోయింది. తర్వాత తన దగ్గరున్న 300 గ్రెయిన్లది కాల్పించాడు. ఆరూ దాటి వెనకున్న మట్టికట్టలో దూరింది. మళ్లీ వాదించే పని పడలేదు.

ఫుల్ మెటల్ జాకెట్ (సీసం మీద పూర్తిగా లోహపు తొడుగు ఉన్నవి), గుండ్రటి ముక్కు: ఇవీ వద్దు. లోతుగా వెళ్తాయి కానీ కండని పక్కకి తోసుకుంటూ సన్నటి కన్నం చేస్తాయి. చాలా రాష్ట్రాల్లో వేటకి నిషేధం కూడా.

వేట కోసం చేసిన జాకెటెడ్ హాలో పాయింట్, సాఫ్ట్ పాయింట్ (కొన దగ్గర మెత్తటి సీసం బయటికి ఉన్నవి): హార్నడీ ఎక్స్‌టీపీ లాంటివి. ఇవి నిదానంగా విచ్చుకుంటాయి. .44లో 240 లేదా 300 గ్రెయిన్లు బాగుంటాయి. పక్క నుంచి కొడితే సాధారణంగా అవతలికి వస్తాయి.

బాండెడ్ బుల్లెట్: జాకెట్టూ సీసమూ విడిపోకుండా అతికినవి. ఫెడరల్ ఫ్యూజన్, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ ఈ కోవలోవే. భుజం ఎముక తగిలినా ముక్కలు కావు. విచ్చుకుంటాయి, లోతుగానూ వెళ్తాయి. వ్యాకోచించే బుల్లెట్ తప్పనిసరైన రాష్ట్రాల్లో నా ఓటు వీటికే.

పూర్తి రాగి: బార్న్స్ ఎక్స్‌పీబీ లాంటివి. సీసం నిషేధమైన చోట ఇవే దిక్కు, లేని చోట కూడా మంచివే. రాగి సీసం కంటే తేలిక, అందుకని 225 గ్రెయిన్ల రాగి బుల్లెట్ చూసి “తక్కువ బరువు” అనుకోకండి. అది దాదాపు బరువు కోల్పోకుండా చివరిదాకా వెళ్తుంది. మాంసంలో సీసం తునకల బాధ కూడా ఉండదు.

హార్డ్ కాస్ట్: గట్టి సీసం మిశ్రమంతో పోత పోసినవి, ముక్కు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. విచ్చుకోవు. చదును ముక్కే కండని కోసుకుంటూ పోతుంది. లోతుగా వెళ్లడంలో ఇవి ముందు వరసలో ఉంటాయి. .357, 10 ఎంఎం వాడేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే ఆ తూటాలకి విచ్చుకోవడానికీ లోతుగా వెళ్లడానికీ రెంటికీ సరిపడా బలం లేదు. ఒకటి వదులుకోవాలి, విచ్చుకోవడమే వదులుకోండి. అయితే వ్యాకోచించే బుల్లెట్ అడిగే రాష్ట్రంలో హార్డ్ కాస్ట్ చెల్లకపోవచ్చు. నిబంధనల్లో ఆ మాటకి ఇచ్చిన అర్థం చదవండి, అనుమానం ఉంటే వన్యప్రాణి శాఖకి ఫోన్ చేయండి. చాలా ఓపిగ్గా చెప్తారు.

6. పెట్టె మీది అంకెలు చదవడం

బరువు గ్రెయిన్లలో ఉంటుంది. గ్రాముకి 15.43 గ్రెయిన్లు. ఇప్పటి పది గ్రాముల తులం కాదు గానీ, మన పాత లెక్క తులం 11.66 గ్రాములు. అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు. .357లో బరువైన బుల్లెట్ అంటే ఒక పాత తులం అన్నమాట. మా అమ్మకి ఇలా చెప్తేనే అర్థమైంది, ఆ తర్వాత “తులం సీసానికి ఇంత రేటా?” అంది.

శక్తి అంకె మాత్రం మోసం చేస్తుంది. ఒక లెక్క చూడండి. బరువుని వేగం వర్గంతో గుణించి 450,240తో భాగిస్తే ఫుట్-పౌండ్లు వస్తాయి. 240 గ్రెయిన్ల బుల్లెట్, 1,350 అడుగుల వేగం: 971. 300 గ్రెయిన్ల బుల్లెట్, 1,200 అడుగుల వేగం: 960. కాగితం మీద మొదటిదే గొప్ప. కానీ ఒకే నిర్మాణం ఉన్న బుల్లెట్లయితే ఎలుగు ఒంట్లో లోతుగా వెళ్లేది సాధారణంగా రెండోదే. కాబట్టి చట్టం అడిగిన అంకె దాటిందా అని మాత్రమే శక్తిని చూడండి, ఆ తర్వాత మర్చిపోండి. మిగిలిన ఎంపిక బరువుతో, నిర్మాణంతో చేయండి.

ఇంకో సంగతి. పెట్టె మీది వేగం కంపెనీ కొలిచిన గొట్టంలోది, అది మీ తుపాకీ కంటే పొడవుగా ఉండొచ్చు. మీ నాలుగంగుళాల గొట్టంలో 1,350 కాస్తా 1,230 అయిందనుకోండి, 971 కాస్తా 806 అవుతుంది. క్రోనోగ్రాఫ్ ఉంటే తెలిసేది ఇదే.

7. మూడు పెట్టెలు, ఒక ఉదయం

మీ తుపాకీకి, మీ రాష్ట్రానికి సరిపోయే మూడు రకాలు కొనండి. వేట తూటాలు ఇరవయ్యేసి పెట్టెల్లో వస్తాయి, చౌక కాదు. అయినా ఇంటర్నెట్‌లో ఎవరో మెచ్చుకున్నారని ఒకే రకం ఐదు పెట్టెలు కొనేకంటే ఇది తక్కువ ఖర్చు.

ముందు ఆను మీద పెట్టి 25 గజాల నుంచి ఒక్కో రకం ఐదేసి కాల్చండి. ప్లేట్ల మీద తూటా పేరు రాసి ఫోటో తీసుకోండి. ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. హ్యాండ్‌గన్‌లో బరువైన, నిదానమైన బుల్లెట్ తరచుగా పైన తగులుతుంది. అది గొట్టం దాటేలోపే తుపాకీ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి. నా రివాల్వర్‌లో 240కీ 300కీ మధ్య మూడంగుళాల తేడా వచ్చింది. అంటే ఒకదానితో సైట్లు సరిచేసి, ఇంకోదానితో వేటకి వెళ్తే గురి బాగున్నా దెబ్బ తప్పుతుంది. ఏటా ఎవరో ఒకరు చేసే తప్పు ఇది.

తర్వాత రివాల్వర్ వాళ్లకి ఒక పరీక్ష ఉంది. చాలామంది చేయరు. ఒక తూటా మొత్తం పొడవు కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. దాని అడుగున మార్కర్‌తో గీత పెట్టండి. సిలిండర్ నిండా తూటాలు వేసి, గీత ఉన్నది తప్ప మిగిలినవన్నీ కాల్చండి. ఇప్పుడు దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగిందంటే మిగతావి తన్నిన ఊపుకి బుల్లెట్ కేసులోంచి ముందుకి జారింది. ఇంకొంచెం జారితే సిలిండర్ ముందుకి పొడుచుకొచ్చి అసలు తిరగకుండా ఇరుక్కుపోతుంది. గాయపడిన ఎలుగు ముందు రెండో తూటా పేలకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. కొలిచిన పొడవులో తేడా కళ్లకి కనిపించేంత ఉంటే ఆ రకం మీ తుపాకీకి పనికిరాదు, అంతే.

సెమీ ఆటోమేటిక్ వాళ్లకి ఇంకో పరీక్ష. ఎంచుకున్న వేట తూటానే కనీసం యాభై, మ్యాగజైన్ నిండా వేసి, ఒక్కసారి కూడా ఇరుక్కోకుండా కాల్చాలి. చదును ముక్కు బుల్లెట్లు కొన్ని తుపాకుల్లో సరిగా లోపలికి ఎక్కవు. అలాగే ఒకే తూటాని రోజూ ఛాంబర్‌లో (తూటా పేలే గది) పెట్టి తీసి, పెట్టి తీసి చేయకండి. బుల్లెట్ కేసులోకి నొక్కుకుపోయి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గ్లాక్ లాంటి తుపాకుల పాలిగొనల్ గొట్టంలో (లోపల పదునైన గాడుల బదులు నునుపు కోణాలు ఉండేది) జాకెట్ లేని సీసం బుల్లెట్లు వాడొద్దని మాన్యువల్‌లోనే ఉంటుంది. కొందరు వేరే గొట్టం కొని మార్చుకుంటారు.

ఆఖరుగా ఆను తీసేసి, నిలబడి, మోకాలి మీద కూర్చుని, చెట్టుకి ఆనుకుని కాల్చండి. మూడో దశలో చెప్పిన ప్లేటు పరీక్ష ఇదే. ఏ తూటాతో ఐదుకి ఐదు పడ్డాయో అది ముందు వరసలోకి వస్తుంది.

8. పాల క్యాన్ల పరీక్ష

రేంజ్ వాళ్లు ఒప్పుకుంటేనే. వెనక గట్టి మట్టికట్ట ఉండాలి. గ్యాలన్ క్యాన్లలో నీళ్లు నింపి, ఒకదాని వెనక ఒకటి ఆనించి వరసగా పెట్టండి. ఒక్కోటి దాదాపు ఆరంగుళాలు. మొదటి క్యాన్ మధ్యలోకి పది గజాల నుంచి ఒక్కటి కాల్చండి. తడవడానికి సిద్ధంగా ఉండండి.

నీళ్లు కండ కాదు, కాబట్టి “నాలుగు క్యాన్లు అంటే ఎలుగులో ఇన్ని అంగుళాలు” అని లెక్క కట్టకండి. రకానికీ రకానికీ పోలిక కోసమే ఇది. బుల్లెట్ దొరికితే తుడిచి త్రాసు మీద పెట్టండి. 240 గ్రెయిన్లంటే 15.55 గ్రాములు. దొరికింది 14 గ్రాములకి పైన ఉంటే బాగా నిలబడినట్టే. 10 గ్రాములే ఉంటే మిగతాది ముక్కలై పోయింది, ఎముక తగిలితే ఇంకా ఘోరం. దాన్ని పక్కన పెట్టండి.

9. ఒకటి తేల్చుకుని, దానికే కట్టుబడండి

రెండు రకాలు సమానంగా అనిపిస్తే గురి బాగా కుదిరినదే తీసుకోండి. అదే రకం, వీలైతే పెట్టె మీద ఒకే లాట్ నంబరు ఉన్నవి, రెండు మూడు పెట్టెలు కొని పెట్టుకోండి. సాధనకి .44 స్పెషల్, .38 స్పెషల్ లాంటి చౌక తూటాలు వాడొచ్చు. కానీ పొట్టి కేసులు ఛాంబర్‌లో నల్లటి మసి వలయం వదులుతాయి, దాని మీద పొడుగు మాగ్నమ్ కేసు సరిగా కూర్చోదు, కాల్చాక బయటికి రానని మొరాయిస్తుంది. సీజన్‌కి ముందు బ్రష్‌తో ఛాంబర్లు రుద్ది కడగండి. ఆ తర్వాత వేట తూటాతో సైట్లు మళ్లీ సరిచూడండి.

10. అడవిలో

ఎలుగు పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగండి. కాస్త అవతలికి తిరిగి ఉంటే ఇంకా మంచిది. ముందు కాలు ముందుకి వేసినప్పుడు, ఆ కాలికి కాస్త వెనక, ఒంటి ఎత్తులో సగం దగ్గర. జింక వేటగాళ్లకి కింది మూడో వంతులో కొట్టే అలవాటు ఉంటుంది. ఎలుగు పొట్ట కింద వేలాడేది చాలావరకు బొచ్చే, అక్కడ కొడితే బొచ్చు మాత్రమే తెగుతుంది. ఎదురుగా ఉన్నప్పుడు, తల మీద, కదులుతున్నప్పుడు కాల్చొద్దు. ఎంత మంచి తూటా కూడా చెడ్డ కోణాన్ని బాగు చేయదు. పిల్లలున్న తల్లి ఎలుగు వర్జీనియాలో నిషేధం, వంద పౌండ్ల లోపుదీ నిషేధం. బొచ్చు వల్ల చిన్న ఎలుగు కూడా పెద్దగా కనిపిస్తుంది కాబట్టి తొందరపడకండి.

తగిలాక నిలబడే ఉంటే మళ్లీ కాల్చండి. పొదల్లోకి వెళ్తే ఏ చెట్టు పక్కనుంచి మాయమైందో గుర్తు పెట్టుకుని అరగంట కదలకుండా కూర్చోండి.

ఫలితం సరిచూసేది కోసేటప్పుడే. దూరిన కన్నం, బయటికొచ్చిన కన్నం రెండూ వెతకండి. రెండు ఊపిరితిత్తులూ చిల్లులు పడ్డాయా? ఎముక తగిలిందా? బుల్లెట్ అవతలి చర్మం కింద ఉండిపోతే తీసి తూకం వేయండి. దూరం, కోణం, ఎంత దూరం పరుగెత్తింది, అన్నీ నోటు పుస్తకంలో రాయండి. వచ్చే ఏడాది పెట్టె కొనేటప్పుడు పదిమంది సలహాల కంటే ఆ పేజీ మేలు. మాంసం వండేటప్పుడు లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి, ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు. మన పద్ధతిలో కూర చేస్తే ఎలాగూ దాటుతుంది, కబాబ్ వేసేవాళ్లే చూసుకోవాలి.

మళ్లీ మళ్లీ అడిగేవి

*సిలిండర్‌లో ఒకటి హాలో పాయింట్, ఒకటి హార్డ్ కాస్ట్, అలా కలిపి వేయొచ్చా?* వద్దు. రెండూ వేర్వేరు చోట్ల తగులుతాయి. ఏది ఎప్పుడు వస్తుందో ఆ టెన్షన్‌లో గుర్తుండదు.

*వేటకి కాదు, హైకింగ్‌లో ఎలుగు భయానికి ఏ తూటా?* అయితే మీకు తూటా అక్కర్లేదు, బేర్ స్ప్రే (ఎలుగుని తరిమే కారం స్ప్రే) కొనండి. గాలి వాటం చూసుకోవడం, డబ్బా తీసే వేగం ముందే సాధన చేయండి.

*మిగిలిన తూటాలు?* అసలు పెట్టెలోనే, పొడిగా, తాళం వేసి, పిల్లలకి అందకుండా. తుపాకీ వేరే చోట.

ఇక ఇండియాకి వెళ్లేవాళ్లకి. వేటకి తీసుకెళ్లిన బ్యాగు, జాకెట్ ప్రయాణంలో వాడకండి. తప్పదంటే ప్రతి జేబూ, ప్రతి జిప్పూ, లైనింగ్ చిరుగు కూడా తిరగేసి దులపండి. శంషాబాద్‌లో స్కానర్ కింద ఒక్క తూటా కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, “మర్చిపోయాను సార్” అంటే వదలరు. నా చలికోటు చేతి మడతలో రెండేళ్ల తర్వాత ఒకటి దొరికింది. అదృష్టం, అప్పటికి ఇంకా సూట్‌కేస్ సర్దుతున్నాను.